రికార్డు మారితే ఎవరు కదలాలి?

2022 ఏప్రిల్ 4న కలిదిండి ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండానే జిల్లా మారిపోయింది. అప్పటిదాకా కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాలు ఆ రోజు నుంచి ఏలూరు జిల్లా అయ్యాయి. చెరువు గట్లు అవే, కరెంటు స్తంభాలు అవే, స్తంభాల మీద వేలాడే ఫైబరూ అదే. మారిందల్లా కాగితం మీద పేరు. దుకాణం బోర్డయితే పెయింటరు వచ్చి మార్చేస్తాడు. ఇంటర్నెట్ ఆఫీసులో అంత తేలిక కాదు. కంప్యూటర్లో ఒక గడిలో "కృష్ణా" తీసేసి "ఏలూరు" అని కొడితే, దాని వెనకాల ఇంకా ఏమేం కదులుతాయో కొట్టినవాడికి ముందే తెలిసి ఉండాలి.

కలిదిండి, కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కేబుల్, ఇంటర్నెట్ ఆఫీసుల్లో టెక్నీషియన్లుగానో, సపోర్టు సీట్లోనో పనిచేస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఇంటి గుమ్మం దాకా చేర్చే పని స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేతిలో పెట్టి, నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్టు ఇస్తామన్నారు. అంతకుముందు డిష్ యాంటెనాలు, కోయాక్సియల్ వైర్లతో గడిపిన ఆపరేటర్లు ఓఎల్‌టీ (ఆఫీసు వైపు పెట్టె), ఓఎన్‌యూ (కస్టమర్ ఇంటి పెట్టె) అనే మాటలు నేర్చుకున్నది ఎక్కువగా ఆ తర్వాతే. ఇప్పుడు ప్రైవేటు కంపెనీల లైన్లు కూడా కలిశాయి. లైన్లు పెరిగినంతగా ఆఫీసులో మనుషులు పెరగలేదు. అందుకే "ఇది మారితే అది దానంతటదే జరగాలి" అన్న కోరిక ప్రతి ఆఫీసులోనూ పుడుతోంది. కోరిక మంచిదే. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదే అసలు సంగతి.

నెట్‌వర్కు నిర్వహణకు రెండు రకాల సాఫ్ట్‌వేర్లు వాడతారు. మొదటి రకం ఉండాల్సిన లెక్క చెబుతుంది: ఏ సైటులో ఏ ఓఎల్‌టీ పెట్టాం, దాని ఏ పోర్టు నుంచి ఏ స్ప్లిటర్‌కు కేబుల్ వెళ్లింది, ఎవరికి ఏ ఐపీ ఇచ్చాం. నెట్‌బాక్స్ ఈ రకం. డిజిటల్ ఓషన్ అనే కంపెనీలో జెరెమీ స్ట్రెచ్ అనే ఇంజినీరు తమ అవసరం కోసం దీన్ని మొదలుపెట్టారు. 2016లో అందరూ ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. రెండో రకం ఉన్న స్థితి చెబుతుంది: ఈ నిమిషంలో ఏ పెట్టె పలుకుతోంది, ఏది పలకడం లేదు, వెలుగు ఎంత బలంగా వస్తోంది. లాట్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ రాసి 2001లో బయటపెట్టిన జాబిక్స్ ఈ రకం. కొల్లేటి పక్క ఊళ్లవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు: రికార్డులో వరి ఉంటుంది, వెళ్లి చూస్తే రొయ్యల చెరువు.

మార్పు రెండుచోట్లా జరుగుతుంది. నెట్‌బాక్స్‌లో మార్పంటే ఎవరో మనిషి కూర్చుని రికార్డు దిద్దడం. జాబిక్స్‌లో మార్పంటే బయట ఏదో జరిగిందని అర్థం. రెండింటిలోనూ మార్పును చూసి పని చేయించే ఏర్పాటు ఉంది. చిక్కేమిటంటే, మనవాళ్లు రెండింటికీ ఒకే రకం రూళ్లు రాస్తారు. మనిషి దిద్దిన రికార్డులో అచ్చుతప్పు ఉండొచ్చు. పెట్టె పంపిన కబురు దారిలో పోవచ్చు. ఈ రెండు తప్పులకు ఒకే మందు పనిచేయదు.

ముందు రికార్డు వైపు చూద్దాం. నెట్‌బాక్స్‌లో "ఈవెంట్ రూల్" అనేదుంటుంది. ఏ రకం వస్తువు మీద (సైటు, డివైస్, కేబుల్, ఐపీ), ఏం జరిగితే (కొత్తగా చేర్చితే, దిద్దితే, తీసేస్తే), ఏ షరతు మీద, ఏం చేయాలి అన్నవి అందులో చెప్పాలి. చేయగలిగినవి ముఖ్యంగా మూడు: వేరే ప్రోగ్రాముకు వెబ్‌హుక్ ద్వారా కబురు పంపడం, లోపలే ఒక స్క్రిప్టు నడపడం, మనిషికి నోటిఫికేషన్ ఇవ్వడం.

ఇప్పుడు జిల్లా మార్పు సంగతికి వద్దాం. ఒక ఆఫీసు తన రికార్డును ఆంధ్రప్రదేశ్, దాని కింద కృష్ణా, దాని కింద కలిదిండి, దాని కింద సైట్లు అని మెట్లుగా కట్టుకుందనుకోండి. 2022 ఏప్రిల్‌లో చేయాల్సింది ఒక్కటే: కలిదిండి అనే మెట్టును తీసి ఏలూరు కింద పెట్టడం. ఒక్క రికార్డు దిద్దితే సరిపోతుంది. సైట్లను, డివైస్‌లను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి వాటికి రాసిన రూళ్లేవీ కదలవు. ఇంకో ఆఫీసు ప్రతి డివైస్ పక్కనా జిల్లా పేరును విడిగా టైపు చేసి ఉంచిందనుకోండి. అక్కడ ఒకతను అన్నింటినీ ఎంచుకుని ఒకేసారి "ఏలూరు" అని మారుస్తాడు. ప్రతి డివైస్ మీదా "దిద్దారు" అన్న ఈవెంటు పుడుతుంది. "డివైస్ రికార్డు దిద్దితే కొత్త కాన్ఫిగరేషన్ పెట్టెలోకి పంపు" అని ఎవరో ఎప్పుడో రూలు రాసి ఉంటే, జిల్లా పేరు మార్చినందుకు మొత్తం నెట్‌వర్కులోని పెట్టెలన్నీ కొత్త కాన్ఫిగరేషన్ తీసుకుంటాయి. కొన్ని రీస్టార్ట్ కూడా అవుతాయి. ఫోన్లు మోగుతాయి.

జిల్లా పేరే కదా, అలా వదిలేస్తే పోలేదా అనుకోవద్దు. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనలు పెద్ద అంతరాయాలను జిల్లా లెక్కన చూస్తాయి. జిల్లా స్థాయిలో సేవ నాలుగు గంటలకు మించి నిలిచిపోతే కంపెనీ ట్రాయ్‌కి తెలియజేయాలి. 24 గంటలు దాటితే ఆ జిల్లా పోస్ట్‌పెయిడ్ చందాదారులకు అద్దెలో తగ్గింపు ఇవ్వాలి. నివేదిక రాసేది పై కంపెనీయే అయినా, సైటు ఏ జిల్లాలో ఉందన్న సమాచారం మీ ఆఫీసు నుంచే పైకి వెళుతుంది.

కాబట్టి రూలు రాసేటప్పుడు "దిద్దితే" అని వదిలేయకండి. ఏ గడి, ఏ విలువ నుంచి ఏ విలువకు మారితే అన్నది రాయండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. "స్థితి యాక్టివ్ అయితే" అని షరతు పెడతారు. ఆ షరతు మామూలుగా చూసేది మార్పు తర్వాతి విలువనే. అప్పటికే యాక్టివ్‌గా ఉన్న డివైస్ మీద ఎవరో "గేటు తాళం చెవి పక్కింట్లో ఉంది" అని నోటు రాసినా షరతు నిజమే అవుతుంది, రూలు కదులుతుంది. నెట్‌బాక్స్ పంపే కబురులో మార్పుకు ముందు రూపం, తర్వాతి రూపం రెండూ ఉంటాయి. కబురందుకునే స్క్రిప్టులో మొదటి పని ఆ రెండింటినీ పోల్చడం. తేడా లేకపోతే ఏమీ చేయకుండా వెనక్కి రావాలి. నాలుగు లైన్ల కోడ్. ఈ నాలుగు లైన్లు లేని స్క్రిప్టును నేనైతే పనిలో పెట్టను.

స్క్రిప్టు తిరిగి నెట్‌బాక్స్‌లో ఏదైనా రాస్తుంటే ఇంకో గోతి ఉంది. అది రాసిన రాతే మళ్లీ ఈవెంటు అవుతుంది, రూలు మళ్లీ కదులుతుంది, గొలుసు ఆగదు. స్క్రిప్టుకు విడిగా ఒక యూజర్ పేరు ఇచ్చి, ఆ పేరుతో జరిగిన మార్పులను స్క్రిప్టు పట్టించుకోకుండా చేయండి. ఒకే కబురు రెండుసార్లు వచ్చినా ఫలితం ఒకటే ఉండేలా రాయండి. "వీఎల్ఏఎన్ 200 ఉందా చూడు, లేకపోతే చేర్చు" అని ఉండాలి గానీ "చేర్చు" అని మాత్రమే ఉండకూడదు. వెబ్‌హుక్‌కు సీక్రెట్ పెడితే నెట్‌బాక్స్ ప్రతి కబురుకూ సంతకం జతచేస్తుంది. అందుకునేవైపు ఆ సంతకం సరిచూడకపోతే, మీ చిరునామా తెలిసినవాడెవడైనా మీ పెట్టెలను ఆడించగలడు. ఇంకో మాట: ఈ కబుర్లు రెడిస్ అనే క్యూలో నిలబడి, ఆర్‌క్యూ వర్కర్ తీసి పంపితే వెళతాయి. వర్కర్ ఆగిపోతే వెబ్ పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది, దిద్దింది సేవ్ అవుతుంది, రూలు పచ్చగా కనబడుతుంది, జరిగేది మాత్రం ఏమీ ఉండదు. "రూలు రాశానండీ, పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు వర్కర్ నడుస్తోందో లేదో చూడండి.

ఇక బయట జరిగే మార్పుల సంగతి. కలిదిండి లాంటి చోట ఆటోమేషన్‌కు అసలు విలువ ఇక్కడే ఉంది.

మన దగ్గర నెట్టు పోవడానికి పెద్ద కారణాలు రెండు: కరెంటు పోవడం, ఫైబర్ తెగడం. కస్టమర్ ఫోన్‌లో ఈ తేడా ఉండదు. "ఏమండీ, చెరువుకాడ కెమెరా రావట్లేదు, మనిషిని పంపండి" అంటారు, అంతే. రాత్రి పదింటికి కుర్రాడు బండేసుకుని గట్టు మీద ఆరు కిలోమీటర్లు వెళ్లి చూస్తే అక్కడ కరెంటు లేదు. ఈ తిరుగుడును కంప్యూటర్ తప్పించగలదు. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ ప్రమాణంలోనే దానికి ఏర్పాటు ఉంది. కస్టమర్ ఇంట్లో పెట్టెకు కరెంటు పోయినప్పుడు, లోపల కెపాసిటర్‌లో మిగిలిన కాస్త శక్తితో అది ఓఎల్‌టీకి చివరి కబురొకటి పంపి ఆరిపోతుంది. ఓఎల్‌టీ లాగులో అది "డైయింగ్ గ్యాస్ప్" అని కనిపిస్తుంది. ఫైబర్ తెగినప్పుడు ఆ కబురు రాదు, సిగ్నల్ పోయిందన్న అలారం ఒక్కటే వస్తుంది.

దీని మీద రూలు ఇలా కట్టొచ్చు. రెండు నిమిషాల్లోపు ఒకే పాన్ పోర్టు కింద చాలా పెట్టెలు పోతే, వాటిలో ఎక్కువ భాగం డైయింగ్ గ్యాస్ప్ పంపి ఉంటే, అది కరెంటు. ఎవరినీ పంపొద్దు, ఫోన్ చేసిన కస్టమర్‌కు "మీ వైపు కరెంటు పోయినట్టుంది" అని చెప్పడానికి సపోర్టు సీటుకు ఒక మెసేజ్ చాలు. కరెంటు వచ్చి మిగతా పెట్టెలన్నీ లేచాక, పదిహేను నిమిషాలైనా లేవని పెట్టె ఉంటే దాని మీద టికెట్ తెరవాలి. ఆఖరి కబురు లేకుండా పోర్టు మొత్తం పోతే మెయిన్ ఫైబర్ తెగినట్టు. పోర్టులో ఒక స్ప్లిటర్ కిందివి మాత్రమే పోతే తెగుడు ఆ స్ప్లిటర్ వైపే. ఒక్కటే పోతే ఆ ఇంటి డ్రాప్ వైరు. ఎండాకాలంలో చెరువులు ఎండగట్టి పొక్లెయిన్లతో గట్లు పోసే రోజుల్లో ఈ లెక్క తెల్లారేలోపు తెగుడు చోటు చూపిస్తుంది. అయితే ఏ పెట్టె ఏ స్ప్లిటర్ కింద ఉందో రికార్డులో సరిగ్గా ఉంటేనే. అదిగో, మళ్లీ మొదటి సాఫ్ట్‌వేర్ దగ్గరికే వచ్చాం.

రెండు జాగ్రత్తలు. చవక పెట్టెలు కొన్ని ఆ ఆఖరి కబురు పంపవు. అందుకే "అన్నీ పంపితే" అని కాకుండా "ఎక్కువ భాగం పంపితే" అని రాయాలి. ఇక ఓఎల్‌టీ ఈ అలారాలను జాబిక్స్‌కు పంపే ఎస్ఎన్ఎంపీ ట్రాప్‌లు యూడీపీ మీద వెళతాయి, అందినట్టు రసీదు ఉండదు. నెట్‌వర్కు తడబడుతున్న వేళే అవి ఎక్కువగా పోతాయి. ట్రాప్ వచ్చినా రాకపోయినా అయిదు నిమిషాలకోసారి ఓఎల్‌టీని అడిగి సరిచూసుకునే పోలింగ్ కూడా ఉండాలి. ఓఎల్‌టీకే కరెంటు పోతే దాని కింది వందల పెట్టెల మీద వందల మెసేజ్‌లు రాకుండా జాబిక్స్‌లో ట్రిగర్ డిపెండెన్సీ పెట్టండి. పైది పడితే కిందివి నోరు మూసుకోవాలి.

వెలుగు బలం మీద పెట్టే హెచ్చరికకు కూడా ఇదే నీతి. పెట్టె దగ్గర మైనస్ 27 డీబీఎం కంటే తగ్గితే జీపాన్ లైను తడబడుతుంది. మైనస్ 27 దగ్గర హెచ్చరిక పెట్టి మైనస్ 27 దగ్గరే తీసేస్తే, గాలికి కేబుల్ ఊగినప్పుడల్లా హెచ్చరిక వచ్చిపోతూ ఉంటుంది. మైనస్ 26కి హెచ్చరించు, మైనస్ 24కి కోలుకున్నాకే చల్లబడు అని రెండు గీతలు గీయండి. పదే పదే అరిచే ఫోనును టెక్నీషియన్ సైలెంట్‌లో పెట్టేస్తాడు. అతని తప్పేమీ లేదు.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ కబురు చెప్పే రూళ్లు. పని చేసేసే రూళ్ల దగ్గర నా అభిప్రాయం గట్టిది: వెనక్కి తీసుకోగలిగిన పనినే మెషీన్‌కు వదలాలి, అదీ ఎవరికీ నష్టం రాని వేళలో. ఈ ప్రాంతంలో బాగా కనిపించే ప్రమాదకరమైన రూలు ఒకటుంది: గడువు తేదీ దాటగానే రాత్రి పన్నెండుకు లైను ఆపెయ్యి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో తేదీ మారుతుంది, రేడియస్ సర్వర్ నుంచి రూటర్‌కు ఆజ్ఞ వెళుతుంది, లైను పోతుంది. ఊళ్లో టీవీ చూసే ఇంటికి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు, పొద్దున్నే రీచార్జి చేసుకుంటారు. చెరువు గట్టు మీది షెడ్డులో సంగతి వేరు. రాత్రంతా నాచు, రొయ్యలు అన్నీ నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువకు పడుతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కంటే దిగితే వనామీ రొయ్య తట్టుకోవడం కష్టం. ఏరియేటర్ ఆగితే ఫోన్‌కు కబురు పంపే స్టార్టరు, కెమెరా ఆ లైను మీదే ఉన్న రైతుకు పన్నెండుకు నెట్టు పోతే, అయిదింటికి చెరువు పోవచ్చు. రూలు రాసిన మనిషికి ఆ చెరువు గుర్తుండాలి. గడువు తీరిన లైనును ముందు వేగం తగ్గించి ఉంచండి, పూర్తిగా ఆపే పని ఆఫీసు తెరిచాక, ఫోన్‌లో మాట్లాడే మనిషి ఉన్నప్పుడు జరగనివ్వండి. చెరువుల దగ్గరి కనెక్షన్లకు రికార్డులోనే ఒక గుర్తు పెట్టి, వాటిని ఆపాలంటే మనిషి నొక్కాల్సిందే అని షరతు పెట్టండి. యజమాని ఒప్పుకోకపోతే ఈ ఒక్క లెక్క చెప్పి చూడండి: నెల చందా ఎంత, చెరువులో సరుకు ఎంత.

వరద రోజులకు ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు కొల్లేటికి చేరాక లంక గ్రామాల చుట్టూ నీళ్లు నిలిచాయి. అలాంటి వేళ ఆటోమేటిక్ టికెట్లు ఎందుకూ పనికిరావు, వెళ్లడానికి రోడ్డే ఉండదు. సైట్లను మెయింటెనెన్స్ స్థితిలోకి మార్చి, టికెట్లూ డిస్‌కనెక్షన్లూ రెండూ ఆగేలా ఒకే మీట ఉండాలి. ఆ మీట నొక్కే అధికారం ఎవరిదో వానలకు ముందే రాసుకోండి.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు, తాడేపల్లిగూడెం నిట్‌లోనో, ఏలూరు పాలిటెక్నిక్‌లోనో చదువుతున్నవాళ్లకు కొంచెం విడిగా చెప్పాలి. దీనికి ఖరీదైన కోర్సు అక్కర్లేదు. నెట్‌బాక్స్, జాబిక్స్ రెండూ ఉచితం. పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి డాకర్‌తో రెండూ నడపొచ్చు. పైథాన్ కొంచెం, జేసన్ చదవడం, ఎస్ఎన్ఎంపీ అంటే ఏమిటో తెలిస్తే మొదలుపెట్టడానికి చాలు. మొదటి పనిగా మీ ఆఫీసు ఎక్సెల్ షీటును నెట్‌బాక్స్‌లోకి ఎక్కించండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒకే స్ప్లిటర్‌కు మూడు పేర్లు, ఎప్పుడో తీసేసిన పెట్టెలు, రెండు ఇళ్లకు ఒకే ఐపీ అప్పుడే బయటపడతాయి. లైన్‌మన్ బాబాయ్ పక్కన కూర్చోకుండా ఆ పని పూర్తి కాదు. ఏ స్తంభం మీద ఏ జాయింటు పెట్టె ఉందో ఆయన నోట్లోనే ఉంటుంది. తర్వాత మొదటి రూలు రాయండి. నెల రోజులు అది మెసేజ్ మాత్రమే పంపాలి, ఏ పెట్టెనూ ముట్టకూడదు. ఆ మెసేజ్‌లలో ఎన్ని నిజమో, ఎన్ని ఉత్తవో పక్కన గీతలు గీసుకోండి. ఉత్తవి ఆగాకే పని అప్పజెప్పండి. మెసేజ్ వాట్సాప్ గ్రూపుకు వెళుతుంటే అందులో కస్టమర్ పేరు, ఫోను, ఆధార్ నంబరు పెట్టొద్దు, కనెక్షన్ నంబరు చాలు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది 2023లోనే.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు "ఆటోమేషన్ తెలుసు" అని చెప్పి ఊరుకోకండి. మీరు రాసిన ఒక రూలు చెప్పండి, అది ఏ సందర్భంలో కదలకుండా ఊరుకుంటుందో కూడా చెప్పండి. ఆ రెండో సగం అడక్కుండా చెప్పేవాళ్లు తక్కువ, దాని మీదే ఎదుటివాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఆఫీసు నడిపే పెద్దలకు ఒక విన్నపం. మీ సాఫ్ట్‌వేర్లలో ఇప్పటికే నడుస్తున్న ఆటోమేటిక్ రూళ్లన్నీ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏం చేస్తాయి అని ఒక కాగితం మీద రాయించండి. అర్ధరాత్రి లైన్లు ఆపే రూలు అందులో కనిపిస్తే, ఈ వారంలోనే దాన్ని ఉదయం పదకొండుకు మార్పించండి.